కిట్టు కొనే ముందు ఒక మనిషిని చూపించండి

కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్‌కు ఐదంతస్తులు. లిఫ్టు ఐదో అంతస్తు దాకానే. టెర్రస్ మీదికి పోవాలంటే ఆ పైన మెట్లెక్కాల్సిందే. తెల్లవారుతూనే మోటార్ వేసి, ట్యాంకు నిండిందో లేదో చూడ్డానికి వాచ్‌మన్ భార్య రోజూ ఎక్కి దిగేది. మూడో అంతస్తులో ఉండే ఎనిమిదో తరగతి పిల్లాడు స్కూల్ బస్సు కోసం దిగుతూ ఆవిణ్ని చూసేవాడు. వాడు అప్పటికి రెండేళ్లుగా ఆదివారాలు రోబోటిక్స్ క్లాసుకు వెళుతున్నాడు. నల్లగీత వెంట పరుగెత్తే చిన్న బండి చేసి ఒక పోటీలో కప్పు కూడా తెచ్చుకున్నాడు. ఒకరోజు మా ఇంటికొచ్చి, "ట్యాంకు నిండితే మోటార్ దానంతటదే ఆగిపోయేట్టు చేద్దామా ఆంటీ? పాపం ఆవిడ రోజూ మెట్లెక్కుతున్నారు" అన్నాడు.

నాది కంట్రోల్ సిస్టమ్స్ పని. వాల్వు ఎంత తెరుచుకోవాలి, మోటార్ ఎప్పుడు ఆగాలి అని యంత్రానికి చెప్పే పనిలో ఇరవై ఏళ్లు గడిచాయి. ఇన్నేళ్లలో పిల్లల నోట నేను విన్న మంచి మాటల్లో ఇదొకటి. అప్పటిదాకా వాడు చేసినవన్నీ ఎవరో ఇచ్చిన పజిళ్లు. ఇది వాడంతట వాడు చూసింది.

మా మొదటి ప్రయత్నం నీటిమట్టంతో లేచి దిగే ఫ్లోట్ స్విచ్, ఒకే ఒకటి. మోటార్ జోలికి పోకుండా, బకెట్లో నీళ్లు పోసి, చిన్న బ్యాటరీ బల్బు పెట్టి చూశాం. నీళ్లు స్విచ్ ఉన్న గీత దాకా వచ్చి అలలాడగానే, బల్బును వేసి ఆపే రిలే టకటకమని కొట్టుకోవడం మొదలెట్టింది. వెలుగు, చీకటి, వెలుగు, చీకటి. నిజం మోటారైతే అలా ఆగుతూ వేస్తూ కాలిపోయేది. పిల్లాడు బకెట్ పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. నేనేమీ అనలేదు. చివరికి వాడే, "ఒక్క గీత చాలదు ఆంటీ. కింద ఒకటి, పైన ఒకటి కావాలి" అన్నాడు. కింది గీతకు దిగితే వేయాలి, పై గీతను తాకితే ఆపాలి, నడుమ ఉన్నంతసేపూ ఎలా ఉన్నది అలాగే ఉండాలి. పుస్తకాల్లో దీన్ని హిస్టరిసిస్ అంటారు. మనింట్లో ఫ్రిజ్, గీజర్, ఇస్త్రీపెట్టె అన్నీ ఈ రెండు గీతల మీదే నడుస్తాయి. ఆ పేరు వాడికి మర్నాడు చెప్పాను. ముందు పేరు చెప్పి తర్వాత బకెట్ చూపించి ఉంటే వాడికి ఇంత గుర్తుండేది కాదని నా నమ్మకం.

మోటార్‌కు కలిపే పని మాత్రం ఎలక్ట్రీషియన్‌కే అప్పజెప్పాం. వారం రోజులు బాగానే నడిచింది. ఆ తర్వాత తెలిసింది, మేం అసలు కష్టాన్ని ముట్టుకోనే లేదని. ఆ సంగతి మళ్లీ చెబుతాను.

గచ్చిబౌలి నుంచి మియాపూర్ దాకా ఈ చుట్టుపక్కల తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగే ప్రశ్నలు రెండు. మా వాణ్ని ఏ వయసులో రోబోటిక్స్‌లో చేర్పించాలి? ఏ కిట్టు కొనాలి? చేర్పించండి, మంచి విద్యే. చేతులకూ బుర్రకూ కలిపి పని పెట్టే చదువులు మన పిల్లలకు తక్కువ. కానీ ఆ రెండు ప్రశ్నలకంటే ముందు అడగాల్సింది ఒకటుంది: మా పిల్ల ఎవరి ఇబ్బందినైనా దగ్గరగా కూర్చుని చూసిందా? యంత్రం ఎవరికో ఒకరికి చేయి అందించడానికి పుడుతుంది. ఆ ఎవరో తెలియకుండా కిట్టు చేతికిస్తే, బొమ్మ కట్టడం వస్తుంది, బొమ్మ పాతబడగానే ఆసక్తీ పాతబడుతుంది.

దీనికి మన ఊళ్లోనే జరిగిన గొప్ప ఉదాహరణ ఉంది. అబ్దుల్ కలాం 1982లో హైదరాబాద్‌లోని క్షిపణుల ల్యాబ్ డీఆర్‌డీఎల్‌కు డైరెక్టర్‌గా వచ్చారు. 1989 మే 22న అగ్ని క్షిపణి మొదటిసారి ఎగిరింది. అది వాతావరణంలోకి తిరిగొచ్చేటప్పుడు పుట్టే భయంకరమైన వేడిని తట్టుకోవడానికి చాలా తేలికైన, చాలా గట్టి పదార్థం తయారుచేశారు. నిమ్స్ ఆసుపత్రి నుంచి ఒక ఎముకల డాక్టరు ల్యాబ్ చూడ్డానికి వచ్చి, ఆ ముక్కను చేత్తో ఎత్తి చూశారు. ఎంత తేలిక! వెంటనే కలాంను తన ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ పోలియో సోకిన పిల్లలు ఒక్కోటి మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప క్యాలిపర్లు తగిలించుకుని కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో కలాం బృందం 300 గ్రాముల క్యాలిపర్లు చేసి తెచ్చింది. పిల్లలు నడిచారు. చూస్తున్న తల్లిదండ్రుల కళ్లలో నీళ్లు తిరిగాయి. తన జీవితంలో అత్యంత ఆనందాన్నిచ్చిన సందర్భాల్లో ఒకటిగా కలాం దీన్ని ఎన్నో సభల్లో చెప్పుకున్నారు.

ఆ క్యాలిపర్‌లో మోటార్ లేదు, సెన్సర్ లేదు, ఒక్క లైను కోడ్ లేదు. అయినా రోబోటిక్స్ నేర్చుకునే పిల్లలకు నేను మొదట చెప్పే కథ ఇదే. ఆ పదార్థం ల్యాబ్‌లో అప్పటికే ఉంది. ఆ వార్డూ అప్పటికే ఉంది. ల్యాబ్ ఉన్న కంచన్‌బాగ్‌కూ ఆసుపత్రి ఉన్న పంజాగుట్టకూ మధ్య ఎన్నో మైళ్లు లేవు. ఒక డాక్టరు చెయ్యిపట్టి తీసుకెళ్లేదాకా ఆ రెండూ కలవలేదు. మీ పిల్లల విషయంలో ఆ డాక్టరు పని మీది.

ఎక్కడికి తీసుకెళ్లాలని అడక్కండి. మన చుట్టూ ఉన్నదంతా అదే. ఒక ఆదివారం రాయదుర్గం మెట్రో స్టేషన్‌కు తీసుకెళ్లి పావుగంట నిలబెట్టండి. రైలు ప్రతిసారీ ఒకే గుర్తు దగ్గర ఎలా ఆగుతుందో చూడమనండి. రైళ్లు తమ స్థానాన్ని రేడియో ద్వారా ఎప్పటికప్పుడు తెలుపుకుంటూ, ముందున్న రైలుకు ఎంత దూరంలో ఉండాలో లెక్కగట్టుకునే పద్ధతి మన మెట్రోలో ఉంది. అది చెబితే పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. ఆ తర్వాత చక్రాల కుర్చీలో ఒకరు లిఫ్టు దిగి, గడప తగలకుండా నేరుగా పెట్టెలోకి వెళ్లడం కనిపిస్తే, అప్పుడు అడగండి: రైలు ఒక అరడుగు అటూ ఇటూ ఆగితేనో, పెట్టె ప్లాట్‌ఫామ్ కంటే జానెడు ఎత్తుంటేనో ఆయన ఏం చేసేవారు? స్టేషన్ బయటికొచ్చాక ఫుట్‌పాత్ చూపించి అదే ప్రశ్న మళ్లీ అడగండి. అక్కడ మీకూ జవాబు దొరకదు. ఆ జవాబు దొరకని చోటే పిల్లల పని మొదలవుతుంది.

మ్యాన్‌హోల్ దగ్గర, నీటిజోరుతో మురుగు పూడిక తీసే జెట్టింగ్ మెషిన్ ఆగినప్పుడు ముక్కు మూసుకుని పిల్లల్ని లాక్కుపోకండి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఇరుకు సందుల్లోకి పోగలిగే చిన్న జెట్టింగ్ మెషిన్లు 2017లో హైదరాబాద్‌కు వచ్చాయి. ఒక యంత్రం మనిషి ప్రాణాన్ని ఎలా కాపాడుతుందో చూపించడానికి ఇంతకంటే సూటి పాఠం నాకు తెలియదు.

ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. మనం రోజూ పలికే సైబరాబాద్, 1998లో వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్, వీటన్నిటిలో ఉన్న ఆ సైబర్ అనే ముక్క ఎక్కడిదో పిల్లలకు చెప్పండి. 1948లో నార్బర్ట్ వీనర్ అనే గణితశాస్త్రవేత్త, ప్రాణుల్లోనూ యంత్రాల్లోనూ ఉండే నియంత్రణ గురించి ఒక పుస్తకం రాస్తూ ఆ విద్యకు సైబర్నెటిక్స్ అని పేరు పెట్టాడు. గ్రీకులో చుక్కాని పట్టేవాడు అనే మాట నుంచి తీసుకున్నాడు. పడవ పక్కకు జరిగితే చూడటం, పోవాల్సిన దిక్కుతో పోల్చటం, చుక్కానిని కాస్త తిప్పటం, మళ్లీ చూడటం. కంట్రోల్ సిస్టమ్స్ అంటే ఇంతే. మన పిల్లలు పెరుగుతున్నది సరంగు పేరు పెట్టుకున్న ఊళ్లో. నాకు ఆ సంగతి తలుచుకుంటే ఎప్పుడూ సంతోషంగా ఉంటుంది.

ఆ నల్లగీత బండినే తీసుకోండి. గీత నుంచి కొంచెం తప్పగానే సెన్సర్ చూసి చక్రాన్ని తిప్పుతుంది. ఆ తిప్పడం మరీ ఎక్కువైతే బండి ఎడమకూ కుడికీ పాములా కొట్టుకుంటుంది. మరీ తక్కువైతే మలుపు దగ్గర గీత వదిలి గోడకు తగులుతుంది. సరైన అంకె దొరికేదాకా పిల్లలు ముప్ఫైసార్లు మార్చి చూస్తారు. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఒక ముచ్చట జరుగుతుంది. మర్నాడు పోటీ. రాత్రి పదకొండు. పిల్ల కళ్లు వాలిపోతున్నాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నాన్న ప్రేమ కొద్దీ, "ఇటు ఇవ్వమ్మా, నేను చూస్తా" అని ల్యాప్‌టాప్ తీసుకుంటాడు. పది నిమిషాల్లో బండి చక్కగా నడుస్తుంది. పిల్ల నిద్రపోతుంది.

నాన్నగారూ, మీ ప్రేమను నేను తప్పుపట్టను. కానీ ఆ ముప్ఫైసార్లలోనే చదువంతా ఉంది. దాన్ని మీరు పది నిమిషాల్లో తీసేసుకున్నారు. పక్కన కూర్చోండి, పాలు కలిపి ఇవ్వండి, "ఇందాక ఏం మార్చావు? మార్చాక ఏమైంది?" అని అడగండి. కీబోర్డు మాత్రం ముట్టుకోకండి. బండి సగంలో ఆగిపోతే ఆగిపోయిన బండితోనే పోటీకి పంపండి. ఎందుకు ఆగిందో నలుగురికీ చెప్పగలిగిన పిల్ల, నడిచే బండి గురించి ఏమీ చెప్పలేని పిల్ల కంటే ఎంతో ముందుంటుంది. అడగ్గానే కోడ్ రాసిపెట్టే యాప్‌లకూ ఇదే వర్తిస్తుంది. వాడుకోవద్దని అనను. ప్రతి లైనూ ఎందుకుందో అమ్మకు చెప్పగలిగితేనే అది తనదని ఒక నియమం పెట్టండి. అమ్మకు కోడింగ్ రాకపోతే మరీ మంచిది.

ఇంట్లో పెద్దవాళ్లుంటే అదృష్టం. ఊళ్లో ఇల్లు తాళం వేసి కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ మన అపార్ట్‌మెంట్లలో ఎంతమందో. రాత్రి బాత్రూమ్‌కు లేచినప్పుడు స్విచ్ కోసం గోడ తడుముకోవడం, కాలింగ్ బెల్ వినిపించకపోవడం, మాత్ర వేసుకున్నామో లేదో గుర్తురాకపోవడం. వీటిలో ఏ ఒక్కటైనా ఆరో తరగతి పిల్ల నెల రోజుల్లో తీర్చగల కష్టం. మంచం దిగగానే నేల దగ్గర సన్నగా వెలిగే లైటు, బెల్ కొడితే మెరిసే బల్బు. వీటికి కావాల్సిన సామాను కొన్ని వందల రూపాయల్లో వస్తుంది.

అయితే ముందు వాళ్లనడగాలి. నాకు తెలిసిన ఒకింట్లో అమ్మమ్మ పడిపోతే తెలియాలని మనవడు ఆవిడ గదిలో కెమెరా పెట్టి, ఫోన్‌కు కలిపాడు. ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు. ఆవిడ మాత్రం ఆ రోజు నుంచి చీర మార్చుకోవడానికి కూడా బాత్రూమ్‌లోకే వెళ్లడం మొదలెట్టింది. ఆ తడి నేల మీదే పడే ప్రమాదం ఎక్కువ. కూతురు గమనించి అడిగితే, "నన్ను కనిపెట్టుకుని ఉండండమ్మా, కాపలా మాత్రం కాయకండి" అందట. మనవడు కెమెరా తీసేసి, మంచం పక్కనా బాత్రూమ్‌లోనూ ఆవిడ చేతికందే ఎత్తులో ఒక్కో మీట పెట్టాడు, నొక్కితే హాల్లో బెల్ మోగేట్టు. ఆ ఎత్తు ఎంతో కొలవడానికి టేపు పట్టుకుని ఆవిడ పక్కన మంచం మీద కూర్చున్నాడు. అమ్మమ్మా మనవడూ అంతసేపు మాట్లాడుకోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి అని కూతురు నాతో చెప్పింది.

ఇక, వైకల్యం వల్ల తమ బిడ్డకే ఇలాంటి యంత్రం అవసరమైన తల్లిదండ్రులతో రెండు మాటలు. మీకు సలహా చెప్పేంత దాన్ని కాదు. హైదరాబాద్‌లో పెరిగి మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన సత్య నాదెళ్ల 2017లో వచ్చిన తన పుస్తకం హిట్ రిఫ్రెష్‌లో రాసుకున్నది మాత్రం గుర్తుచేస్తాను. ఆయన కొడుకు జైన్ 1996లో సెరిబ్రల్ పాల్సీతో పుట్టాడు. మొదట్లో ఆయన, తనకూ తన భార్యకూ ఇలా ఎందుకు జరిగిందనే ఆలోచిస్తూ ఉండిపోయారు. భార్య అనుపమ ఆ ఆలోచనలో ఆగిపోకుండా బిడ్డను ఒక థెరపీ నుంచి ఇంకో థెరపీకి తిప్పుతుంటే, ఆవిణ్ని చూసి నేర్చుకున్నారు, జరిగింది తమకు కాదనీ, బిడ్డకు కావాల్సింది చూడాలనీ. 2018లో మైక్రోసాఫ్ట్ నుంచి వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌కు రెండు పెద్ద మీటలు, వెనక వరుసగా సాకెట్లు ఉంటాయి. వేళ్లు కదలని పిల్లలు కాలితోనో మోచేత్తోనో ఏది కదిలితే దానితో వీడియో గేములు ఆడుకోవచ్చు. ఐఐటీ హైదరాబాద్ నీడలో పుట్టిన బీఏబుల్ హెల్త్ సంస్థ చేసిన ఆర్మేబుల్ పరికరం, పక్షవాతం వచ్చినవాళ్ల చేతికి ఆటలతో వ్యాయామం చేయిస్తుంది. ఇలాంటివి ఇంకా వస్తాయి. వాటికోసం ఎదురుచూస్తూ ఈ వారం ఫిజియోథెరపీ మాత్రం మానకండి. పరికరం థెరపిస్టు చేతికి బలం, థెరపిస్టుకు బదులు కాదు. కొనే ముందు బిడ్డతో కనీసం రెండుసార్లు వాడించి చూడండి. వాడు మొహం తిప్పుకుంటే, ఆ మొహం తిప్పుకోవడాన్ని కూడా ఒక అభిప్రాయంగా తీసుకోండి.

ఆరో తరగతిలోనే ఇంజనీరింగ్ బ్రాంచి తేల్చేయాలని తొందరపడే వాళ్లకు రాజ్ రెడ్డిగారి గురించి చెబుతుంటాను. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. 1958లో మద్రాసులోని గిండీ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేశారు. అవును, సివిల్. ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్‌కు మనిషి మాట వినడం నేర్పే పనిలో పడ్డారు. 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ పెట్టినప్పుడు దానికి తొలి డైరెక్టర్ ఆయనే. 1994లో ట్యూరింగ్ అవార్డు. మన గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ పాలకమండలికి ఎన్నో ఏళ్లు అధ్యక్షులుగా ఉన్నారు. పల్లెల పిల్లల కోసం వచ్చిన ఆర్‌జీయూకేటీ విశ్వవిద్యాలయం వెనకా ఆయన ఆలోచన ఉంది. ఆయన చిన్నప్పుడు రోబోటిక్స్ క్లాసు అనే మాటే లేదు. మీ అమ్మాయి ఈ ఏడాది రోబోలు వదిలేసి వీణ పట్టుకుంటే కంగారుపడకండి.

డబ్బు సంగతి. ఖరీదైన కిట్టు చూసి మనసు చిన్నబుచ్చుకునే అమ్మానాన్నల్ని చూశాను. అక్కర్లేదు. మెట్రోలో అమీర్‌పేటలో మారి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠి, అక్కడి గుజరాతీ గల్లీలో సెన్సర్లూ రిలేలూ బజర్లూ విడివిడిగా దొరుకుతాయి. కొట్టువాళ్లతో మాట్లాడటమే సగం చదువు. మీ పిల్లల స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో కనుక్కోండి. 2016లో మొదలైన ఆ పథకం కింద ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకు ఈ పనిముట్లన్నీ ఉంటాయి. ఉండీ తాళం వేసి ఉంటే, నలుగురు తల్లిదండ్రులు కలిసి మర్యాదగా అడిగితే తెరుస్తారు. రాయదుర్గంలో, వస్తువుల నమూనాలు చేసే టీ-వర్క్స్ ఉంది, 2023లో మొదలైంది. వస్తువు ఊహలోంచి చేతిలోకి ఎలా వస్తుందో అక్కడ కనిపిస్తుంది.

జాగ్రత్తల్లో మాత్రం ప్రేమ పనికిరాదు. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటు జోలికి పిల్లలు వెళ్లకూడదు, ఎంత తెలివైనవాళ్లయినా సరే. లిథియం బ్యాటరీ ఉబ్బినా, వేడెక్కినా వాడకూడదు. రాత్రంతా ఛార్జింగ్ పెట్టి పడుకోకూడదు. సోల్డరింగ్ చేసేటప్పుడు కిటికీ తెరిచి, పక్కన పెద్దవాళ్లు ఉండాలి.

ఇప్పుడు మా ట్యాంకు దగ్గరికి వద్దాం. మోటార్ దానంతటదే ఆగుతున్నా వాచ్‌మన్ భార్య కళ్లు గుంటలు పడే ఉన్నాయి. వెళ్లి అడగమని పిల్లాణ్ని పంపాను. దూరంగా నిలబడి విన్నాను. పాలమూరు వైపు ఆవిడ.

"మెట్లెక్కుడు నాకు అలవాటే బాబూ. నీళ్లు ఎప్పుడొస్తయో తెల్వకనే నిద్ర లేదు. మంజీర నీళ్లు రోజు విడిచి రోజు ఇడుస్తరు. ఒకపాలి రాత్రి పదకొండింటికి, ఒకపాలి తెల్లారగట్ల మూడింటికి. రెండు మూడుసార్లు లేసి సంపు మూత తీసి చూస్తా. రాకుంటే పొద్దుగాల్నే ట్యాంకర్‌కు ఫోన్ జెయ్యాలె గదా."

పిల్లాడు పైకొచ్చి సోఫాలో కూర్చున్నాడు. "మనం ముందే అడగాల్సింది ఆంటీ" అన్నాడు. అవును, నేను కూడా అడగాల్సింది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నదాన్ని, వాడు మెట్లు చూస్తే నేనూ మెట్లే చూశాను.

రెండోసారి చేసింది చాలా చిన్న వస్తువు. సంపులోకి నల్లా నీళ్లు పడే చోట ఒక ప్లాస్టిక్ డబ్బా వేలాడదీశాం. దాని అడుగున సన్నటి చిల్లు, లోపల ఫ్లోట్ స్విచ్. నీళ్లు పడితే చిల్లులోంచి పోయేదానికంటే వచ్చేది ఎక్కువ కాబట్టి డబ్బా నిండి ఫ్లోట్ లేస్తుంది. ఆగిపోతే కారిపోయి దిగుతుంది. అక్కణ్నించి సన్నటి వైరు, వాళ్ల గదిలో బ్యాటరీతో మోగే బజర్. ప్రోగ్రాం లేదు, బోర్డు లేదు. చిల్లు ఎంత ఉండాలో తేల్చుకోవడానికి వాడు ఆరు డబ్బాలు పాడుచేశాడు. మొదటిది పెద్దదై ఎంత నీళ్లు పోసినా నిండలేదు, మూడోది చిన్నదై మట్టి పట్టి మూసుకుపోయింది.

బిగించిన రెండో రాత్రి ఒంటిగంటకు మోగిందట. పొద్దున బస్సు దగ్గర ఆవిడే వాణ్ని ఆపింది. "మస్తుగుంది బాబూ, నీళ్లొచ్చినై, లేసి చూసుకున్న. కానీ సప్పుడుకు చిన్నపిల్ల ఉలిక్కిపడి లేసింది. జర లైటు లెక్క పెట్టరాదు? నా దిక్కు గోడకు, కిందికి."

బస్సు హారన్ కొడుతోంది. వాడు బ్యాగులోంచి నోటుబుక్ తీసి, నిలబడే, ఆవిడ పడుకునే మంచం ఏ గోడవైపు ఉంటుందో గీసి చూపించమని ఆవిడ చేతికి పెన్సిలిచ్చాడు.